నమ్మకమైన గృహనిర్వాహకుడు: లెఫ్టినెంటు హెన్రీ బవర్స్ జీవితము

ఈ నెల ధ్యానమునకు చదువవలసిన భాగములు: లూకా 16:10-12, 1 కొరింథీయులకు 4:1-5, హెబ్రీయులకు 11:32-40



కోతపండుగ దినమున గుడిలో పాటలు నడిపించినవారిని మనము మెచ్చుకొందుము. ప్రసంగము చేసినవారిని జ్ఞాపకముంచుకొందుము. అయితే సంవత్సరమంతయు ఇంటింటి పిడికెడు బియ్యమును పోగుచేసి, పురుగు పట్టకుండ కాపాడి, మానికకు మానిక లెక్క వ్రాసిపెట్టిన పెద్దను ఎవరు తలంచుదురు? లెక్కలో పొరపాటు వచ్చిన దినముననే ఆయన పేరు మన నోట వచ్చును. లెక్క సరిగా నున్నన్నాళ్లు ఆయన ఉన్నట్టే ఎవరికిని తోచదు.

అట్టి లెక్కల మనిషి ఒకని జీవితమును ఈ నెల మీ యెదుట పెట్టదలచితిమి. ఆయన పేరు హెన్రీ రాబర్ట్‌సన్ బవర్స్. ఆయన హిందూదేశమునందలి రాయల్ ఇండియన్ మెరీను అను నౌకాదళములో లెఫ్టినెంటు. 1912లో దక్షిణ ధ్రువమునకు నడిచి వెళ్లి, తిరుగు ప్రయాణములో కెప్టెన్ స్కాటుతో కూడ ప్రాణములు విడిచిన నలుగురిలో ఒకడు. స్కాటు పేరు చాలమంది యెరుగుదురు. ఆయన ఆహారమును కొలిచి కట్టిన మనిషి పేరు కొద్దిమందికే తెలియును.

ఈ జీవితమును ఎన్నుకొనుటకు మాకొక కారణము కలదు. పంట పోయిన ఇంటను, బిడ్డను పాతిపెట్టిన ఇంటను మేము కూర్చుండినప్పుడు, తరచుగా ఒక ప్రశ్న మాకు ఎదురగును. నమ్మకముగా నడిచితిమి గదా, అయినను ఎందుకిట్లు జరిగెనని వారడుగుదురు. ఆ ప్రశ్నకు తొందరపడి చెప్పు జవాబు ఏదియు నిలువదని మేము నేర్చుకొంటిమి. బవర్స్ జీవితమంతయు ఆ ప్రశ్న యెదుటనే నిలిచియున్నది.

తండ్రిలేని బాలుడు

బవర్స్ 1883 జూలై 29వ తేదీన స్కాట్లాండు దేశములోని గ్రీనోకు రేవుపట్టణమున పుట్టెను. ఆయన తండ్రి అలెగ్జాండరు వర్తకపు ఓడలకు కెప్టెను. బాలునికి ఇంకను సరిగా జ్ఞానము రాకమునుపే తండ్రి రంగూనులో మరణించెను. రంగూను అను మాట మన కోస్తా గ్రామములకు క్రొత్తది కాదు. ఆ కాలమున కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి మనవారు వేలకొలదిగా కూలిపనికి ఓడలెక్కి అక్కడికి వెళ్లిరి. వారిలో తిరిగి రానివారు కూడ అనేకులు. సముద్రము దాటిపోయిన తండ్రికొరకు ఎదురుచూచిన ఇండ్లు మన యొద్దను కలవు. కాబట్టి ఆ విధవరాలి దుఃఖము మనకు తెలియని దుఃఖము కాదు.

తల్లి ఎమిలీ, ఇద్దరు కుమార్తెలను ఈ కుమారుని ఒంటరిగా పెంచెను. ఆమె బిడ్డలకు ఆస్తి ఇయ్యలేకపోయినను, రక్షకునియందు నమ్మిక యుంచుటను, చేతికి వచ్చిన పనిని ముగింపువరకు చేయుటను నేర్పెను. కుమారుడు ఎక్కడనున్నను తల్లికి ఉత్తరములు వ్రాయుట మానలేదు. ఆయన వ్రాసిన చివరి ఉత్తరములలో ఒకటి ఆమెకే.

బాలుడు తండ్రి వృత్తినే కోరెను. 1897లో, పదునాలుగవ యేట, థేమ్సు నదిలో నిలిపియుంచిన వూస్టరు అను శిక్షణ ఓడలో చేరెను. వర్తకపు ఓడలకు అధికారులను తయారుచేయుట ఆ ఓడ పని. తరువాత లాక్ టారిడన్ అను తెరచాప ఓడలో పనిచేయుచు నాలుగు మారులు భూమిని చుట్టివచ్చెను. అది ఆవిరి యంత్రము లేని ఓడ. గాలివానలో కొయ్యస్తంభములెక్కి తడిసిన చాపలను చుట్టవలెను. ఆయన పొట్టివాడు, ఐదడుగుల నాలుగంగుళముల యెత్తు. గట్టి దేహము, ఎర్రని జుట్టు, మిక్కిలి పెద్ద ముక్కు. ఆ ముక్కును చూచి తోటివారు ఆయనకు పిట్ట అని అర్థమిచ్చు బర్డీ అను ముద్దుపేరు పెట్టిరి. ఆయన దానికి కోపపడలేదు. ఆ పేరుననే ఆయన స్నేహితులు చివరవరకు ఆయనను పిలిచిరి.

హిందూదేశపు నౌకాదళములో

1905లో బవర్స్ రాయల్ ఇండియన్ మెరీనులో సబ్ లెఫ్టినెంటుగా చేరెను. బొంబాయి ఆ దళమునకు ముఖ్యస్థానము. అదియే 1934లో రాయల్ ఇండియన్ నేవీ యయ్యెను. 1950 జనవరి 26 నుండి మన భారత నౌకాదళముగా నిలిచెను. కాబట్టి ఈయన కథ మన దేశపు నౌకాదళ చరిత్రలోను ఒక చిన్న భాగము.

ఆ కొలువులో ఆయన సింహళమునందును బర్మాయందును పనిచేసెను. ఐరావతీ నదిలో ఒక చిన్న తుపాకి ఓడకు అధికారియై నడిపెను. ఏ రంగూనులో తండ్రి కన్ను మూసెనో, ఆ దేశపు నదిమీదనే కుమారుడు ఓడ నడుపుట మనస్సును తాకు సంగతి. తరువాత పారసీక సింధుశాఖలో ఫాక్సు అను యుద్ధపు ఓడమీద ఉండి, దొంగతనముగా తుపాకులు చేరవేయు పడవలను పట్టుకొను పనిలో పాల్గొనెను. అక్కడ ఎండ భరింపరానిది. చలికాలము ఎరుగని ఆ వేడి సముద్రమునందే ఆయన మంచుదేశపు ప్రయాణముల పుస్తకములు చదువుచు, ఒకనాడు అక్కడికి పోవలెనని ఆశపడుచుండెను.

క్లెమెంట్స్ మార్కం దొర లండనులోని భూగోళ శాస్త్ర సంఘమునకు అధ్యక్షుడుగా నుండినవాడు. వూస్టరు ఓడ దినములనుండి ఆయన ఈ యౌవనుని ఎరుగును. 1910లో కెప్టెన్ స్కాటు దక్షిణ ధ్రువపు ప్రయాణమునకు మనుష్యులను కూర్చుచుండగా, మార్కం సిఫారసుమీద బవర్స్ ముఖమైనను చూడకుండ ఉద్యోగమిచ్చిరి.

ముఖము చూచిన తరువాత స్కాటు సంతోషించలేదు. ఈ పొట్టివాడు ఏమి పనికివచ్చునని ఆయనకు అనుమానము కలిగెను. బవర్స్ ఓడకు వచ్చిన తొలి దినములలోనే, సామానులు ఎక్కించుచుండగా, పందొమ్మిది అడుగుల లోతున ఓడ అడుగునకు ఇనుప దిమ్మెలమీద పడెను. లేచి, దుమ్ము దులుపుకొని, మరల పనిలో నిమగ్నుడయ్యెను. ఆయనకు అప్పగించిన పని సామానుల లెక్క. వేలకొలది పెట్టెలలో ఏది ఎక్కడనున్నదో పుస్తకము చూడకయే చెప్పగల జ్ఞాపకశక్తి ఆయనకుండెను. మొదట ఓడలోనే ఉండిపోవలసిన ఈ యధికారిని, న్యూజీలాండు విడుచులోపల, స్కాటు తనతో కూడ దక్షిణ ఖండములో దిగువారి లెక్కలో చేర్చుకొనెను.

1910 నవంబరు 29న టెర్రా నోవా అను ఆ ఓడ న్యూజీలాండు తీరము విడిచెను. మూడు దినములలోనే గొప్ప తుపాను తగిలెను. బొగ్గుపొడియు నూనెయు కలిసిన ముద్దలు నీరు తోడు పంపులకు అడ్డుపడెను. మనుష్యులు వరుసగా నిలిచి, బాల్చీలతో రాత్రియు పగలును నీరు తోడిరి. లోపలి యినుప గోడకు రంధ్రము కోసి, మురికినీటిలో మెడవరకు దిగి, పంపు నోటిని శుభ్రపరచినవారు ఇద్దరు. ఒకడు లెఫ్టినెంటు ఎడ్వర్డ్ ఎవాన్స్, మరియొకడు బవర్స్. ఓడ బ్రతికెను.

మంచుతెప్పలమీద

1911 జనవరి మొదట వారు దక్షిణ ఖండము చేరి, కేప్ ఎవాన్స్ అను చోట కొయ్య ఇల్లు కట్టుకొనిరి. అక్కడినుండి ధ్రువమునకు రానుపోను 1,700 మైళ్లకు పైబడును. దారిలో చెట్టు లేదు, ఊరు లేదు, తినదగినది ఏదియు లేదు. కాబట్టి ముందుగానే దారిపొడవున ఆహారమును కిరసనాయిలును పాతిపెట్టి, గురుతు జెండాలు నాటవలెను. కిరసనాయిలు లేనిది పొయ్యి వెలుగదు. పొయ్యి వెలుగనిది మంచు కరగదు. మంచు కరగనిది త్రాగుటకు నీరే లేదు.

ఆ నిల్వలలో ముఖ్యమైనది ఒక టన్ను సామాను ఉంచినది. దానిని 80వ అక్షాంశ రేఖయొద్ద పెట్టవలెనని అనుకొనిరి. అయితే గుర్రములు మంచులో దిగబడి బాధపడుచుండగా, స్కాటు వాటిమీద జాలిపడి, 30 మైళ్లకు పైగా ఇవతలనే, 1911 ఫిబ్రవరి 17న, నిల్వ పెట్టించెను. ఇంకను ముందుకు పోవుదమని గుర్రముల అధికారియైన కెప్టెన్ ఓట్సు చెప్పినను వినలేదు. ఈ మైళ్లను జ్ఞాపకముంచుకొనుడి. వీటిని గూర్చి మరల చెప్పవలసియున్నది.

తిరుగు దారిలో, మార్చి 1వ తేదీ తెల్లవారుజామున, బవర్స్ మరి యిద్దరు సముద్రముమీద గడ్డకట్టిన మంచుపై గుడారము వేసి నిద్రించుచుండిరి. శబ్దమునకు బవర్స్ మేలుకొని చూడగా మంచు ముక్కలై సముద్రములో కొట్టుకొనిపోవుచుండెను. నాలుగు గుర్రములలో ఒకటి అప్పటికే కనబడలేదు. నీటిలో తిమింగలములు తలలెత్తి చూచుచుండెను. వారు ఒక తెప్పనుండి మరియొక తెప్పకు గుర్రములను దుమికించుచు, బండ్లను లాగుచు గంటలకొలది పోరాడిరి. ముగ్గురిలో క్రీన్ అను కళాసీ సహాయముకొరకు ముందు పోయెను. స్కాటు వచ్చి, సామాను విడిచి మీరు రండని గట్టిగా చెప్పెను. మనుష్యులు దక్కిరి, బవర్స్ పట్టుదలవలన బండ్లును సామానును కూడ దక్కెను. గుర్రములలో ఒకటి మాత్రమే మిగిలెను. నీటిలో పడి లేవలేని గుర్రమును తిమింగలముల నోటికి విడువలేక బవర్స్ తన చేతితోనే చంపవలసివచ్చెను. ఆ పని చేసినవాని హృదయము ఎట్లుండెనో, పశువులను పెంచు మనవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

చీకటిలో ముప్పదియైదు దినములు

దక్షిణ ఖండములో చలికాలమున నెలల తరబడి సూర్యుడు కనబడడు. అట్టి కాలమున, 1911 జూన్ 27న, వైద్యుడైన విల్సన్, చెర్రీ గారార్డు అను యౌవనుడు, బవర్స్, ఈ ముగ్గురు కేప్ క్రోజియరు అను చోటికి బయలుదేరిరి. ఎంపరర్ పెంగ్విను అను పెద్ద పక్షి చలికాలపు చీకటిలోనే గుడ్లు పెట్టును. ఆ గుడ్లలోని పిల్లలను పరీక్షించినయెడల పక్షిజాతి పుట్టుకనుగూర్చి క్రొత్త సంగతి తెలియునని విల్సన్ తలంచెను.

చలి సున్నాకు దిగువ 60 సెంటిగ్రేడు డిగ్రీలు దాటెను. చెమటయే బట్టలలో గడ్డకట్టి రేకువలె బిగిసెను. చెర్రీ చలికి వణకుచుండగా, బవర్స్ తాను వాడక దాచియుంచిన మెత్తని ఈకల లోపలి సంచిని ఆయనకిచ్చివేసెను. ఒక రాత్రి పెనుగాలి వారి గుడారమును ఎత్తుకొనిపోయెను. రాళ్లతో కట్టుకొనిన చిన్న గుడిసె కప్పును ఎగిరిపోయెను. గుడారము లేనిది తిరుగు ప్రయాణము అసాధ్యము. మంచు క్రింద కప్పబడి, ఒకరి మాట ఒకరికి వినబడని ఆ గాలిలో, వారు కీర్తనలు పాడుకొనిరి. గాలి తగ్గిన తరువాత, అర మైలు దూరములో గుడారము చెక్కుచెదరక దొరికెను. ఆ తరువాత రాత్రులలో బవర్స్ గుడారపు తాడును తన దేహమునకు కట్టుకొని నిద్రించెను. గుడారము పోయినయెడల తానును దానితోనే పోవలెనని ఆయన ఉద్దేశము.

మూడు గుడ్లతో ఆగస్టు 1న వారు ఇల్లు చేరిరి. ఆ ప్రయాణము మరియొక విధముగ కూడ పనికివచ్చెను. ఏ ఆహారము ఎంత తినినయెడల మనుష్యుడు ఆ చలిలో బండి లాగగలడో ముగ్గురును తమ దేహములమీదనే పరీక్షించి చూచిరి. దాని ఫలితముగ, ధ్రువపు ఎత్తు భూమిలో మనిషికి దినమునకు 16 ఔన్సుల బిస్కత్తులు, 12 ఔన్సుల ఎండుమాంసపు కొవ్వుముద్ద, 3 ఔన్సుల చక్కెర, 2 ఔన్సుల వెన్న, కొంచెము కోకో, కొంచెము తేయాకు అని నిర్ణయించిరి. బవర్స్ వీటిని తూచి, సంచులలో కట్టి, నలుగురికి ఒక వారమునకు ఒక కట్టగా ఏర్పరచెను. నలుగురికి అను మాటను గమనించుడి.

ఐదవవాడు

1911 నవంబరు 1న ధ్రువ ప్రయాణము ఆరంభమయ్యెను. గుర్రములు కొంతవరకు, కుక్కలు కొంతవరకు లాగెను. తరువాత మనుష్యులే బండ్లకు తాళ్లు కట్టుకొని, పెద్ద మంచునది వెంబడి పదివేల అడుగుల యెత్తునకు లాగిరి. డిసెంబరు 31న, మంచుమీద జారి నడుచుటకు కాళ్లకు కట్టుకొను పొడవైన చెక్కలను దారిలో విడిచిపెట్టుడని స్కాటు రెండవ బండివారికి చెప్పెను. వారిలో బవర్స్ ఉండెను. మూడు దినములైన పిమ్మట స్కాటు తన ఆలోచన మార్చుకొనెను. నలుగురే వెళ్లవలసిన కడపటి ప్రయాణమునకు బవర్స్‌ను ఐదవవానిగా చేర్చుకొనెను. తక్కినవారిని తిరిగి పంపివేసెను.

ఇది గౌరవమే. అయితే దాని బరువు ఎవరికంటెను ఉగ్రాణపు లెక్క యెరిగినవానికే బాగుగా తెలిసియుండును. కట్టలన్నియు నలుగురికి కట్టినవి. గుడారము నలుగురిది. ఐదుగురికి వంట చేయుటకు దినమునకు అరగంట అదనముగ పట్టెను. తక్కిన నలుగురు చెక్కలమీద జారిపోవుచుండగా, బవర్స్ ఒక్కడే పొట్టి కాళ్లతో మంచులో దిగబడుచు నడిచెను. ఒక దినము కాదు, రెండు దినములు కాదు, చెక్కలు విడిచిన చోటు మరల చేరువరకు నెల దినములు అట్లు నడిచెను. బండి లాగిన తరువాత ఇతరులు పండుకొనగా, ఆయన సూర్యుని యెత్తు కొలిచి ఎక్కడనున్నారో లెక్కకట్టెను; చలి ఎంత, గాలి ఎటు అని వ్రాసియుంచెను.

జనవరి 16న ఆయన వాడి కన్నులకే దూరమున ఒక నల్లని చుక్క కనబడెను. దగ్గరకు పోగా అది నార్వే దేశపు అముండ్సెన్ మనుష్యులు నాటిన నల్లజెండా. మరునాడు, 1912 జనవరి 17న, వారు ధ్రువము చేరిరి. అముండ్సెన్ అప్పటికి ఐదు వారముల క్రిందటనే, 1911 డిసెంబరు 14న, అక్కడికి వచ్చి పోయెను. ఐదుగురును నిలిచియు కూర్చుండియు తీయించుకొనిన ఛాయాపటము నేటికిని ఉన్నది. ఆ పటమున ఒకరి ముఖముననైనను సంతోషము లేదు. దారము లాగి ఆ పటము తీసినవాడు బవర్స్.

తిరుగు దారి

తిరుగు ప్రయాణములో, 1912 ఫిబ్రవరి 8, 9 తేదీలలో, మంచునది ప్రక్కనున్న కొండలయొద్ద వారు ఆగి రాళ్లు ఏరిరి. సుమారు 35 పౌనుల బరువు రాళ్లను బండిమీద వేసికొనిరి. చివరవరకు వాటిని పారవేయలేదు. ఆ రాళ్లలో గ్లాసాప్టెరిస్ అను పురాతన వృక్షపు ఆకుల గుర్తులు ఉన్నవని తరువాత పండితులు కనుగొనిరి. ఆ వృక్షజాతి ఆకుల గుర్తులే మన గోదావరి లోయలో, సింగరేణి బొగ్గు గనుల రాతిపొరలలోను ఉన్నవి. ఆ మంచుఖండమును మన దేశమును పూర్వకాలమున ఒకే భూభాగముగ నుండెననుటకు ఆ రాళ్లు ఒక సాక్ష్యమయ్యెను. ఆ ప్రాచీన భూభాగమునకు మన గోండుల దేశముపేరనే గోండ్వానా అని పేరు. చావనైయున్న మనుష్యులు లాగిన బండిమీద మన ఖమ్మము బొగ్గుకు చుట్టమైన రాయి ఉండెనని తలంచునప్పుడు, ఆ దూరదేశము మనకు కొంచెము దగ్గరగును.

ఫిబ్రవరి 17న, అందరిలో బలశాలియైన ఎడ్గర్ ఎవాన్స్ మొదట చనిపోయెను. తరువాత ఒక నిల్వ వెంబడి మరియొక నిల్వను త్రవ్వి తీయగా, ఆహారము లెక్క ప్రకారమే ఉండెను గాని కిరసనాయిలు తక్కువగా ఉండెను. ఎవరును దొంగిలించలేదు. డబ్బాల మూతలలోని తోలుబిళ్లలు చలికి చెడిపోగా, నూనె కొంచెము కొంచెముగ బయటికి పోయెను. నాణెమంత తోలుబిళ్ల! మిగిలిన నలుగురి ప్రాణములు దానిమీద కూడ ఆధారపడియుండెను.

మార్చి నడుమ, కాళ్లు చలికి చచ్చిపోయిన ఓట్సు, తనవలన ఇతరులు ఆలస్యమగుట సహింపలేక, తుపానులోనికి తానే నడిచిపోయెను. మిగిలిన ముగ్గురు, స్కాటు, విల్సన్, బవర్స్, మార్చి 21 నాటికి ఆ ఒక టన్ను నిల్వకు 11 మైళ్ల దూరములో గుడారము వేసిరి. విల్సన్ బవర్స్ ఇద్దరు పోయి నూనె తెచ్చుటకు ఏర్పాటయ్యెను. తుపాను వారిని బయలుదేరనియ్యలేదు. అది దినముల తరబడి ఆగలేదు. స్కాటు దినచర్యలో చివరి తేదీ మార్చి 29.

ఆ నిల్వ మొదట అనుకొనిన 80వ రేఖయొద్దనే ఉండియుండినయెడల, వారప్పటికే దానిని చేరి దాటియుందురు.

గుడారములో బవర్స్ తన తల్లికి వ్రాసిన ఉత్తరము దొరికెను. ఆమె చిన్ననాట నేర్పిన రక్షకునియందే తన నమ్మిక ఇంకను ఉన్నదని, తన అంతము చలిలో నిద్రవంటిదే గనుక సమాధానముగ నుండునని ఆయన ఆమెకు తెలియజేసెను. స్కాటును ఆమెకు వేరుగా వ్రాసి, ఆమె కుమారుడు చివరవరకు సంతోషముగాను ఇతరులకొరకు తన్ను మరచియు నడిచెనని సాక్ష్యమిచ్చెను.

వెదకవచ్చినవారు 1912 నవంబరు 12న ఆ గుడారమును కనుగొనిరి. విల్సన్ బవర్స్ నిద్రించువారివలె తమ సంచులలో పండుకొనియుండిరి. చలికాలమందు బవర్స్‌తో కూడ కీర్తనలు పాడిన చెర్రీ గారార్డు వారిలో ఉండెను. గుడారమునే వారిమీద దించి, మంచు గుట్టగా పోసి, నడుచు చెక్కలతో సిలువ చేసి నిలిపిరి. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని పునరుత్థానమునుగూర్చిన భాగము అక్కడ చదువబడెను. బవర్స్ వయస్సు అప్పటికి ఇరువదియెనిమిది యేండ్లు.

మన ధ్యానము

సంఘస్థులారా, ఈ కథను చదివి దేవుడే వారిని చంపెనని మేము చెప్పజాలము. నిల్వ దూరము తగ్గించినవాడు మనుష్యుడు. నలుగురి ఆహారమునకు ఐదవవానిని చేర్చినవాడు మనుష్యుడు. తోలుబిళ్ల పెట్టిన చేయి మనుష్యుని చేయి. దానిపైన ఆ మార్చి నెల చలి సాధారణముకంటె కఠినముగ నుండెనని శాస్త్రజ్ఞులు తరువాత కనుగొనిరి. ఆ సంగతి తెలిసికొనుటకు సహాయపడినది ఏదో తెలియునా? అలసిన చేతులతో బవర్స్ దినదినము వ్రాసిన వాతావరణపు లెక్క పుస్తకమే. మనుష్యుల పొరపాటును దేవుని చిత్తమని పేరుపెట్టి కప్పివేయుట భక్తి కాదు. బావి తాడు పాతదైనదని తెలిసియు మార్చకుండ, బిడ్డ పడిన తరువాత దేవుడు తీసికొనెననుట న్యాయమా? చిన్నవాటిలో నమ్మకము అవసరమని లూకా సువార్తలో మన ప్రభువు బోధించుటకు ఇదియు ఒక కారణమని మేము తలంచుచున్నాము. చిన్నదని మనము అనుకొనునది ఎవరి ప్రాణమునకు మూతయై యున్నదో మనకు తెలియదు.

అయితే రెండవ సంగతియు కలదు. బవర్స్ తన పనిలో నమ్మకముగ నుండెను. అయినను ఇల్లు చేరలేదు. ఇతరుల నిర్ణయముల బరువు కూడ ఆయన లాగవలసివచ్చెను. మీలో అనేకులు అట్లే ఉన్నారని మేము ఎరుగుదుము. తాను చేయని అప్పును తీర్చు కుమారుడు, త్రాగుబోతు భర్త పోగొట్టినదానిని మరల కూడబెట్టు భార్య, ఇతరులు చెడగొట్టిన సంఘపు లెక్కను ఓపికతో సరిచేయు పెద్ద, మీరందరు ఐదవవానివలె కాలినడకన నడుచువారే.

మీకు మేమేమి చెప్పగలము? కొరింథీయుల పత్రిక నాలుగవ అధ్యాయములో పౌలు గృహనిర్వాహకులనుగూర్చి వ్రాయునప్పుడు, వారియొద్ద వెదకవలసినది ఒక్కటే అనుచున్నాడు. అది గెలుపు కాదు, గమ్యము చేరుట కాదు, నమ్మకమైయుండుట. తీర్పు తీర్చు దినము ఇంకను రాలేదని కూడ అక్కడనే వ్రాసెను. హెబ్రీయుల పత్రిక పదకొండవ అధ్యాయమును చాలమంది సింహముల నోళ్లు మూయించినవారి యొద్దనే ఆపుదురు. మీరు ఆపవద్దు. చివరి వచనములవరకు చదువుడి. అక్కడ విడుదల పొందనివారు ఉన్నారు, వాగ్దానఫలము కన్నులార చూడనివారు ఉన్నారు. వారును అదే పట్టికలో, అదే గౌరవముతో ఉన్నారు. దేవుని లెక్క పుస్తకము ఇల్లు చేరినవారికి ఒకటి, దారిలో పడినవారికి ఒకటి అని రెండుగా లేదు.

ఇది దుఃఖించువారి ప్రశ్నకు పూర్తి జవాబని మేము అనము. ఎమిలీ బవర్స్ కన్నీరు దీనివలన ఆగియుండదు. అయితే ఆమె కుమారుడు ఆ గుడారములో ఏమి లేకపోయెనో దానిని లెక్కింపక, తల్లి ఇచ్చినది ఇంకను తనయొద్ద ఉన్నదని వ్రాసెను. లెక్కలయందు ఎన్నడును అబద్ధమాడని మనిషి వ్రాసిన చివరి లెక్క అది. మేము దానిని నమ్ముచున్నాము.

ఈ వారము మీ సంఘములో లెక్క వ్రాయు పెద్దను, గుడి దీపములు తుడుచు తల్లిని, బియ్యపు కుండ కాచువానిని ఒకమారు పలుకరించి, వారి పనిని చూచితిమని చెప్పుడి.

ప్రార్థన: ప్రభువా, మాకు అప్పగించిన చిన్న పనిలో నిద్రపోకుండ మమ్మును కాపాడుము. ఇతరుల పొరపాటుల బరువు మోయువారికి ఓర్పు ననుగ్రహింపుము. దారిలో పడిపోయిన మా ప్రియులను నీ లెక్కలో మరువకుము. ఆమేన్.